ఎంగిలిపడ్డ పాట

బౌషర్,
12 జనవరి 2025

పెద్దబాపుకు,

నీ చెవులు పోయిన నాటి నుంచి ఫోన్ చేస్తే మీ కోడలే ఎత్తి "మంచిగనే ఉన్నడు" అని పెట్టేస్తోంది. నువ్వు నిజంగా ఎట్లా ఉన్నావో ఆమె మాటల్లో ఏం తెలుస్తుంది? అందుకే కాగితం పట్టుకున్నాను. పదో తరగతి తర్వాత ఇంత తెలుగు రాయడం ఇదే. తప్పులుంటే దిద్దుకుని చదువు.

మీ అల్లుడు ప్రభాకర్‌కు కంపెనీ స్టోర్‌లో పని అట్లాగే ఉంది. నేను ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో రోజుకు నలభై మంది ఛాతీలు చూస్తున్నాను. కొత్తగా గల్ఫ్‌లో దిగిన లేబర్ అంతా మెడికల్ కోసం మా దగ్గరికే వస్తారు. ఊపిరి బిగపట్టండి అని నాలుగు భాషల్లో అరిచి అరిచి గొంతు పోయింది.

ఇక అసలు సంగతి. మొన్న శుక్రవారం ఇక్కడి పాత బజారు మత్రాకు వెళ్లాం. సముద్రం ఒడ్డు రోడ్డు వెనక సందులో, అత్తరు దుకాణాల మధ్య కొత్తగా ఒక కాఫీ కొట్టు పెట్టారు. గోడల నిండా పాత గ్రామఫోన్ రికార్డులు. కాఫీ విషంలా ఉంది. ఉగ్గుగిన్నె అంత కప్పులో పోసి ఇచ్చి, అది చాలా గొప్పదన్నట్టు మన మొహం వంక చూస్తారు. చుట్టూ కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. నాకు చీదరేసి లేవబోయాను. అప్పుడు ఎదురు గోడ మీద మా ఇంటి రికార్డు కనిపించింది.

మా బాపు పెట్టె కింద ఉండేదే. రైల్వే ప్లాట్‌ఫారం మీద బిగుతు ప్యాంట్లు వేసుకుని నిలబడ్డ ఐదుగురు కుర్రాళ్ల బొమ్మ. మన ఇంట్లో దాన్ని వాయించే మిషన్ ఎన్నడూ లేదు. "ఇండ్ల మా అన్న వాయించిండు" అని బాపు ఒకే ఒక్కసారి చెప్పాడు. ఇంకేదో అడగబోతే మళ్లీ పెట్టె కిందికి తోసేశాడు.

కొట్టు నడిపే ఆమె షీబా అని మలయాళీ. ఆ కుర్రాళ్లు సికింద్రాబాద్ వాళ్లట, 'లాల్‌బజార్ ఫైవ్' అని పేరు పెట్టుకున్నారట. 1968లో మద్రాసులో చేసిన రికార్డు. అప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, తర్వాత వచ్చిన పాటల బృందాలన్నీ దాన్ని విని నేర్చుకున్నవేనట. "అందరూ మెచ్చేది రెండో వైపు నాలుగోది. మాటలుండవు, క్లారినెట్ ఒక్కటే" అని చెప్పి వేసింది.

పెద్దబాపూ, నాకు సంగీతం రాదు. అయినా ఒళ్లు జలదరించింది. మధ్యలో నువ్వు ఊపిరి పీల్చుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని అట్ట వెనక్కి తిప్పి చూశాను. ఐదుగురి పేర్లున్నాయి. రికార్డింగ్ మిషన్ నడిపినవాడి పేరుంది. ఫోటో తీసినవాడి పేరుంది. క్లారినెట్ దగ్గర మాత్రం ఇంగ్లీషులో ఇట్లా ఉంది: 'పేరు అడగడం మరిచిపోయిన ఒక పల్లె బ్యాండు మనిషి.'

ఛీ! పేరు అడగడం మరిచిపోయారట! కుక్కను తెచ్చుకున్నా పేరు పెడతారే. నాకు ఆ కాఫీ అంతా అక్కడే కక్కాలనిపించింది.

ఇప్పుడా రికార్డును ఏప్రిల్‌లో మళ్లీ అచ్చు వేస్తున్నారు. ఆ కంపెనీ వాళ్లు షీబాకు తెలుసు. పేరు పెట్టించే పూచీ తనదంది. నువ్వు చేయాల్సింది ఒక్కటే, 'అది వాయించింది నేనే' అని రాసి సంతకం పెట్టాలి. మెట్‌పల్లి భూమయ్య అని ఆ అట్ట మీద అచ్చయ్యేదాకా నాకు అన్నం సయించదు.

మందులు మానకు.

నీ బిడ్డ
శ్రీలత


మెట్‌పల్లి,
2 ఫిబ్రవరి

శ్రీలతా,

చెవులు తప్ప మిగతావన్నీ ఇంకా ఉన్న నీ పెద్దబాపు రాస్తున్నాడు. నీ ఉత్తరం లింబాద్రి కొడుకు సురేందర్ సెలవు మీద వస్తూ తెచ్చి ఇచ్చాడు. సోహార్ ఉక్కు కంపెనీలో వాడు సగమయ్యాడు. లింబాద్రి నీకు గుర్తుండాలి, నా క్లారినెట్ పక్కన నలభై ఏళ్లు డ్రమ్ము కొట్టినవాడు. ఇప్పుడు ఊపిరాడక మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు. వారానికి రెండుసార్లు పోయి చూసి వస్తాను. వాడు మాట్లాడలేడు, నేను వినలేను. బాగానే గడుస్తుంది.

నాకు పళ్ల సెట్టు కట్టించారు. అన్నం తింటుంటే ఎవరి నోటితోనో తింటున్నట్టుంటుంది, రోత పుడుతుంది. తీసి గ్లాసులో వేస్తే దాన్ని చూసి కోడలికి రోత. మొన్న ఎదురింటి పెళ్లికి డీజే పెట్టారు. నాకు వినపడదు గానీ మంచం కోళ్లు అదిరాయి, గుండె మీద రోకలితో దంచినట్టయింది. పెళ్లికొడుకు తాత చెవుల్లో దూది పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. దాన్ని పెళ్లంటారట.

ఆ రికార్డు సంగతి వదిలేయ్. ఆ పాట నాది కాదు. నీకు ఏడుపు వచ్చిందని రాశావు, అది చదివి నాకు మంచిగా అనిపించలేదు. ఇంకెక్కడా దాన్ని వేయించుకోకు. నీ ఇంట్లో అసలే వేయకు.

ప్రభాకర్‌ను అడిగినట్టు చెప్పు.

భూమయ్య


బౌషర్,
20 ఫిబ్రవరి

పెద్దబాపుకు,

'ఆ పాట నాది కాదు' అంటావా? నా ముందరనా? చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని ఎన్ని పెళ్లి ఊరేగింపులు చూశాను! పొడుగు వరుస మొదలుపెట్టే ముందు ముక్కుతో ఒక చిన్న ఊపిరి లాగుతావు. అదే ఊపిరి రికార్డులో ఉంది. నీకు పేరంటే మోమాటమని నాకు తెలుసు. ఇంత మోమాటం పనికిరాదు.

సురేందర్ మొన్న కంపెనీ బస్సులో సోహార్ నుంచి వచ్చి మీ కోడలు పంపిన చింతకాయ తొక్కు ఇచ్చి వెళ్లాడు. షీబా దగ్గర నా ఫోన్లో ఎక్కించుకున్న పాట వాడికి కూడా వినిపించాను. "మా నాయిన గూడ ఉన్నడా ఇండ్ల?" అని అడిగాడు. లేడంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా ఫోన్లో ఎక్కించుకుని పోయాడు.

నీకో సంతోషం చెప్పాలి. మా ఆస్పత్రి మేనేజర్‌కు పాట వినిపించి, ఇది మా పెద్దనాన్న అని చెప్పాను. ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆస్పత్రికి ఫోన్ చేసినవాళ్లు లైన్లో ఆగినప్పుడు వినపడేటట్టు పెట్టించాడు. రోజుకు రెండు వందల మంది నీ క్లారినెట్ వింటున్నారు. మధ్య మధ్య ఒక ఆడగొంతు దూరి 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అంటుంది. దాని గొంతు నొక్కేయాలనిపిస్తుంది. అదొక్కటే రోత, మిగతాదంతా నాకు పండగే.

ఇంకో సంగతి. ఆ ఐదుగురిలో గిటార్ వాయించిన ఆయన ఒక్కడే మిగిలాడట, ఆస్ట్రేలియాలో ఉంటాడు. షీబా దగ్గర అడ్రసు తీసుకుని మెయిల్ కొట్టాను. 'మనిషి చేత వాయించుకుని పేరు అడగడానికి నోరు రాని మీకు సిగ్గుందా' అని మొదలుపెట్టి మూడు పేజీలు దులిపాను. ఇంగ్లీషు తప్పులు దిద్దమంటే ప్రభాకర్ భయపడి బయటికి వెళ్లిపోయాడు.

దీనితో పాటు షీబా ఇచ్చిన కాగితం పెట్టాను. కింద గీత ఉన్నచోట సంతకం పెట్టి వెంటనే రిజిస్టర్ పోస్టు చెయ్యి.

శ్రీలత


మెట్‌పల్లి,
6 మార్చి

శ్రీలతా,

ఆస్పత్రిలో పెట్టించావా? రోగం వచ్చి ఫోన్ చేసినవాళ్లకా? నీ ఉత్తరం అక్కడిదాకా చదివి పక్కన పడేశాను. రెండు రోజుల తర్వాత మిగతాది చదివాను. ముందు దాన్ని అక్కడ తీసేయించు. కాళ్లు పట్టుకునైనా సరే తీసేయించు.

నీ కాగితం పొయ్యిలో పెట్టాను.

ఆ గిటార్ పిల్లగాణ్ణి అనవసరంగా తిట్టావు. వాళ్లు నా పేరు అడిగారు. మూడుసార్లు అడిగారు. సన్నగా, చేతులకు చెమటలు పట్టే పిల్లగాడు అతను. నా రెండు చేతులూ పట్టుకుని "పేరు చెప్పన్నా, అట్ట మీద వేస్తం" అన్నాడు. నేనే చెప్పలేదు. ఊరి పేరు కూడా చెప్పలేదు. మద్రాసులో రైలెక్కేదాకా నా వెంట వచ్చాడు, అయినా చెప్పలేదు. నా మీద కోపముంటే నన్ను తిట్టు, అతనికి క్షమాపణ రాయి.

నా పేరు ఆ అట్ట మీద పడకూడదు. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

భూమయ్య


బౌషర్,
22 మార్చి

పెద్దబాపుకు,

నీ ఉత్తరం చదివి నాకు నీ మీద మొదటిసారి అసహ్యం వేసింది.

ఎందుకు చెప్పలేదో నాకు తెలియదనుకున్నావా? పేరు చెబితే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే కులం తెలుస్తుంది. ఇంగ్లీషు మాట్లాడే పిల్లల ముందర మంగలి భూమయ్య అనిపించుకోవడానికి సిగ్గేసింది నీకు. అంతే కదా? పెళ్లికి మీ మేళం ముందు ఉండాలి, మీ విస్తరి మాత్రం చివరి బంతిలో. బాపు చల్లారిన అన్నం తిని ఇంటికి వచ్చి నవ్వుతూ "మస్తు పెట్టిన్రు" అనేవాడు. ఆ నవ్వు చూడలేక నేను అవతలికి పోయేదాన్ని. నేను ఇంత దూరం వచ్చి తెలియనివాళ్ల ఎముకలు ఫోటోలు తీస్తున్నది ఆ బంతిలో కూర్చోకూడదనే. నువ్వేమో మద్రాసు దాకా పోయి, అక్కడ కూడా నీ అంతట నువ్వే చివరి బంతిలో కూర్చున్నావు.

నీ సంతకం లేకపోయినా పని ఆగలేదు. బాపు పెళ్లినాటి ఫోటోలో నువ్వు క్లారినెట్ పట్టుకుని ఉన్నావు, అది షీబాకు ఇచ్చాను. నీ పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం రాసిచ్చాను. కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు. ఏప్రిల్ 25న షీబా కొట్టులోనే కొత్త రికార్డు విడుదల. ఫోన్లో పాట కూడా తీసేది లేదు.

వద్దనడానికి నిజంగా కారణముంటే అది రాయి. 'నాది కాదు', 'పడకూడదు' అని పొడి మాటలు రాయకు.

ఇక్కడ రంజాన్ నెల. పగలు మంచినీళ్లు కూడా చాటుకు పోయి తాగుతున్నాను. మూడు రోజులుగా దాహం కూడా తెలియడం లేదు, నీ మీద కోపంతో.

శ్రీలత


మెట్‌పల్లి,
4 ఏప్రిల్

బిడ్డా,

నువ్వు అనుకున్న సిగ్గు కాదు. దానికైతే నేను ఎప్పుడో అలవాటుపడ్డాను. కారణం రాయమన్నావు గనుక రాస్తున్నాను. ఇది లింబాద్రికి తప్ప ఎవరికీ తెలియదు, మీ బాపుకు సగమే తెలుసు.

శవాన్ని తీసుకుపోతుంటే దారి మధ్యలో ఒకచోట పాడె కిందికి దించుతారు. దింపుడు కల్లం అంటారు, విన్నావు కదా. కొడుకు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ఊపిరి ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతారని ఆశ. పలకకపోతే మళ్లీ ఎత్తుతారు. ఆ పిలుపు అయ్యాక, పాడె ఎత్తే ముందు వాయించే వరుస ఒకటి మా నాయన దగ్గర ఉండేది. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. పెళ్లిలో వాయించడు, సాధనకు కూడా వాయించడు. నాకు నేర్పింది కూడా ఊరవతల, నోటితో పాడి, వేళ్లు మాత్రం పెట్టించి. ఊది చూడనివ్వలేదు. ఆ జాగాలో, ఆ నిమిషంలో తప్ప దాన్ని ఊదకూడదు. ఆడవాళ్లు అక్కడికి రారు గనుక నువ్వు ఎన్నడూ వినలేదు.

నీకు తెలిసిపోయి ఉంటుంది ఈపాటికి.

నాకు ఇరవై మూడేళ్లు. సికింద్రాబాద్‌లో ఒక పెళ్లిలో నా క్లారినెట్ విని ఆ పిల్లలు మద్రాసు తీసుకుపోయారు. అద్దాల గదిలో నిలబెట్టి "ఎవరూ విననిది ఏదన్నా వాయించన్నా, నిదానంగా" అన్నారు. సినిమా పాటలు వాయించాను, విన్నామన్నారు. పెళ్లి వరుసలు వాయించాను, బాగున్నాయి, ఇంకోటి అన్నారు. మధ్యాహ్నందాకా ఇంకోటి, ఇంకోటి. నాకు రోషం వచ్చింది. ఇంగ్లీషు రికార్డు, మెట్‌పల్లిలో దీన్ని ఎవడు వింటాడులే అనుకున్నాను. ఊదాను. జన్మలో మొదటిసారి దాన్ని ఊదింది శవం లేని చోట.

అద్దం అవతల అందరూ లేచి నిలబడ్డారు. ఆ గిటార్ పిల్లగాడు ఏడ్చాడు. నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది. బయటికి వచ్చాక భయం పట్టుకుంది. పేరు రాయవద్దన్నాను, ఎవరడిగినా మరిచిపోయామని చెప్పమన్నాను.

ఏడాది తిరగలేదు. మన ఊరి సినిమా హాలు మేనేజరు హైదరాబాద్ పోయి రికార్డుల కట్ట తెచ్చాడు, అందులో అదొకటి. మాటలు లేవు గనుక ఇంటర్వెల్‌కు పనికొస్తుందని హాలు మీది మైకులో రోజుకు మూడు ఆటలకూ వేశాడు. ఊరంతా పల్లీలు నములుతూ, బీడీలు కాలుస్తూ, మూత్రానికి వరుసలో నిలబడి దాన్ని విన్నది. మా నాయన గడ్డాలు గీకే పెట్టె పట్టుకుని సంత నుంచి వస్తూ ఆ రోడ్డు మీద ఆగిపోయాడట. ఇంటికి వచ్చి నన్ను కొట్టలేదు. తన క్లారినెట్ ముక్కలు విప్పి, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. మళ్లీ తీయలేదు. మీ బాపు పోయి మేనేజరును బతిమాలి ఆ రికార్డు తెచ్చి పెట్టె కింద పడేశాడు. నువ్వు దాన్ని అపురూపంగా దాచుకున్నాడనుకున్నావు.

1970లో నాయన పోయాడు. పోయే ముందు నేనే అడిగాను, నీ కల్లం దగ్గర ఊదనా అని. "అది ఎంగిలైంది బిడ్డా. ఎంగిలి తెచ్చి పీనుగకు పెడ్తమా?" అన్నాడు.

అయినా ఊదుదామనే పోయాను. పాడె దించారు. నేనే పెద్దకొడుకును, వంగి మూడుసార్లు నాయనా అని పిలిచాను. లేచి క్లారినెట్ నోటికి పెట్టుకున్నాను. లింబాద్రి డ్రమ్ము మీద పుల్లలు పెట్టి నా వంక చూస్తున్నాడు. సినిమా హాలూ, పల్లీల పొట్టూ, ఆ వరుసలో నిలబడ్డ మనుషులూ కళ్ల ముందుకు వచ్చారు. కడుపులోనుంచి వాంతి ఎగదన్నింది. ఊపిరి బయటికి రాలేదు. చాలాసేపు చూసి, చప్పుడు లేకుండానే ఎత్తుకుపోయారు. తరతరాలుగా ఊళ్లో అందరికీ వాయించిన ఇంటి మనిషి, ఆయన్ను మాత్రం ఊరికే ఎత్తుకుపోయారు.

లింబాద్రి యాభై అయిదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఎందుకని అడగలేదు.

ఇప్పుడు చెప్పు, నా పేరు అక్కడ పెడతావా?

భూమయ్య


బౌషర్,
28 ఏప్రిల్

పెద్దబాపుకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం నాకు పదిహేడో తారీకున అందింది. ఎక్స్‌రే గదిలో నిలబడి చదివాను. బయట మనుషులు తలుపు కొడుతూనే ఉన్నారు. నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవడానికి నోరు చాలదు. డ్యూటీ మధ్యలోనే టాక్సీ ఎక్కి మత్రాకు పోయాను. షీబా ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. దింపుడు కల్లం, తాత, సినిమా హాలు, అన్నీ. చెబితే మనసు కరిగి పేరు తీసేస్తారనుకున్నాను. షీబా కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికప్పుడే కంపెనీకి రాసింది.

మర్నాడు జవాబు వచ్చింది. పేరు తీయరట. ఇంత గొప్ప కథ దొరకడం వాళ్ల అదృష్టమట. ఇన్నేళ్లుగా ఆ పాటలో ఏముందో చెప్పలేక జనం తన్నుకుంటున్నారట, ఇప్పుడు తెలిసిందట. నేను చెప్పిందంతా నీ ఫోటో కింద వేసి, రికార్డుతో పాటు ఇచ్చే కాగితంగా అచ్చు కొట్టించారు. తాత అన్న ఎంగిలి మాట కూడా ఉంది. దాన్ని పెద్ద అక్షరాల్లో వేశారు.

25న నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నలభై మంది వచ్చారు. ఒకాయన ఆ కాగితం చదివాడు, దింపుడు కల్లం అనే మాటను మూడు రకాలుగా పలికి నవ్వాడు. తర్వాత అందరూ ఒక నిమిషం లేచి నిలబడ్డారు, చచ్చిపోయినవాళ్ల కోసమట. ఏ చచ్చిపోయినవాళ్లో ఎవరికీ తెలియదు. పాట వేశారు. అయ్యాక చప్పట్లు కొట్టి, చీజు పెట్టిన రొట్టెముక్కలు పంచారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. తిన్నాను పెద్దబాపూ. ఎందుకు తిన్నానో తెలియదు, అందరూ చూస్తున్నారని తిన్నాను. బయటికి వచ్చి సముద్రం రెయిలింగ్ పట్టుకుని కక్కుకున్నాను.

గిటార్ ఆయన జవాబు రాశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 'ఆయన చెప్పవద్దన్నాడు, అందుకే మరిచిపోయామని రాశాం. యాభై ఏడేళ్లు ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇప్పుడు పేరు తెలిసింది, సంతోషపడాలో లేదో తెలియడం లేదు' అని రాశాడు. ఆయన పేరు అడగనివాడని నేను తిట్టాను. ఆయన దాచినదాన్ని నేను వీధిలో పెట్టాను.

ఫోన్లో పాట తీసేయమని మేనేజర్‌ను అడిగాను. అది పెట్టిన నాటి నుంచి ఆలస్యమైందని జనం అరవడం తగ్గిందట, తీయనన్నాడు. నేను వేరే గదులకు ఫోన్ చేసి లైన్లో ఆగిన ప్రతిసారీ నాకూ అదే వినిపిస్తుంది. ముందుగా నాకు తగిలేది నీ ఊపిరే. రోజుకు నలభైసార్లు నా మీద నాకు రోత పుడుతోంది.

నువ్వు తెలియని వయసులో చేశావు. నేను నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, అన్నీ తెలిసి చేశాను. నన్ను తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

శ్రీలత


మెట్‌పల్లి,
25 జూన్

బిడ్డా,

నిన్ను తిట్టడానికి కాగితం తీసుకున్నది నిజమే. రెండు నెలలు తిడుతూనే ఉన్నాను, మనసులో. తర్వాత ఈ సంగతి జరిగింది. ఇప్పుడు తిట్లు గుర్తుకు రావడం లేదు.

లింబాద్రి పదకొండో తారీకున పోయాడు. సురేందర్ సోహార్ నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. జీవితమంతా ఎండలో డ్రమ్ము కొట్టినవాడికి చలి. అద్దంలోనుంచి మొహం చూస్తుంటే వాడు కాదన్నట్టుంది.

నేను ఎవరికీ చెప్పకుండా క్లారినెట్ తువ్వాలలో చుట్టుకుని పోయాను. మా నాయన చప్పుడు లేకుండా పోయాడు, వీణ్ణి పోనివ్వను అనుకున్నాను. ఎంగిలైతే కానీ. ఎంగిలి చేసిన నోరు నాదే కదా, దాన్ని కడగాల్సిన నోరు కూడా ఇదే అనుకున్నాను. పళ్ల సెట్టు తీసి జేబులో వేసుకున్నాను. క్లారినెట్ మూతికి బిగించే రీడు పొద్దుటి నుంచి నోట్లో నానబెట్టాను.

కల్లం దగ్గర దించారు. సురేందర్ వంగి మూడుసార్లు పిలిచాడు. వాడు లేవగానే నేను ముందుకు పోయి ఊదాను.

నాకు వినపడదు కదా. వేళ్లు పోతున్నాయి, దవడ అదురుతోంది, అంతవరకే తెలుసు. వేళ్లు తడబడలేదని ఒట్టేసి చెప్పగలను. జనం నా వంక చూస్తున్నారు. కొందరు తలలు దించుకున్నారు, ఒకడు నవ్వు ఆపుకున్నాడు. సగం అయిందో లేదో సురేందర్ నా దగ్గరికి వచ్చాడు. కళ్లనిండా నీళ్లున్నాయి. నా చేతుల మీద చేయి వేసి మెల్లగా కిందికి దించాడు. వాడి పెదవులు చూసి పోల్చుకున్నాను. "కాకా, సరిగ్గ వస్తలేదు. నీ రికార్డు ఉన్నది, అది పెడ్త."

జేబులోనుంచి ఫోన్ తీసి తండ్రి చెవి పక్కన పెట్టాడు. నా పేరున్న కాగితం సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నీ ఉత్తరం కన్నా ముందే వాళ్ల ఫోన్లలోకి వచ్చింది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇరవై మూడేళ్ల భూమయ్య వాయిస్తున్నాడు, ఎనభై ఏళ్ల భూమయ్య పక్కకు జరిగి నిలబడ్డాడు. నాకు ఏమీ వినపడలేదు. వాళ్లు తలలెత్తిన తర్వాత అయిపోయిందని తెలిసింది. పాడె ఎత్తారు.

సురేందర్‌ను ఏమీ అనకు. వాడు తండ్రి మీద ప్రేమతో చేశాడు, నా మీద గౌరవంతో చేశాడు. ఈ ఉత్తరం కూడా వాడి చేతికే ఇస్తున్నాను, నీకు తొక్కు కూడా వస్తోంది.

ఇంటికి వచ్చి స్నానం చేశాక కోడలు కాగితం మీద రాసి చూపించింది: 'అందరూ నీ పాట మస్తున్నదన్నరు మామా.' ఏది అని నేను అడగలేదు.

పెద్దబాపు